చీకటి సీన్లు

హైదరాబాద్,
12 మార్చి 1972

అన్న ముత్యంకు, చెల్లెలు అనసూర్య వ్రాయునది.

నేను కులాసా. వదినను అడిగానని చెప్పు. ట్రంకు ఎక్స్ఛేంజిలో నన్ను పర్మనెంటు చేశారు. డ్యూటీ ఉన్నంతసేపూ చెవులకు ఆ ఫోను తొడుగు పెట్టుకుని ఒక ఊరి ఫోనును ఇంకో ఊరికి కలుపుతూ కూర్చోవడమే పని. బోర్డు మీద మీ రామగుండం లైటు వెలిగితే మాత్రం పక్క సీటు వాళ్ళకంటే ముందే చెయ్యి చాపుతాను. ఆ తీగ చివర మీరున్నట్టు ఉంటుంది.

అసలు సంగతి చెప్తాను. ఇక్కడ ఒక ఫిల్మ్ సొసైటీలో చేరాను. నెలకొక ఆదివారం పొద్దున ఒక పాత సినిమా వేస్తారు. అన్నీ రాష్ట్రపతి పతకమో, బయటి దేశాల్లో బహుమతో తెచ్చుకున్నవి. మీ కాలనీ క్లబ్బు వాళ్ళు కూడా కావాలని రాశారట. ఇక్కడ ఆట అయిపోయాక అవే రీళ్ళ డబ్బాలు ప్యాసింజరు బండిలో రామగుండం వస్తాయి, మీ గ్రౌండులో తెర కట్టి వేస్తారు.

నాకొక ఆలోచన వచ్చింది. ఏడాది పాటు, వచ్చిన ప్రతి బహుమతి సినిమా మనిద్దరం చూడాలి. చూసిన మర్నాడే మంచీ చెడ్డా రాయాలి. ఒకరి ఉత్తరం చదవకముందే రెండోవాళ్ళు రాసి పోస్టు చెయ్యాలి. మధ్యలో లేచిపోయినా, కునుకు తీసినా ఓడినట్టే. అంతమందిని బొగ్గు బాయిలో నడిపించే సర్దారువు, పాటలు లేని సినిమాకు భయపడతావా?

నీ చెల్లెలు,
అనసూర్య


గోదావరిఖని,
17 ఏప్రిల్ 1972

చెల్లెలు అనసూర్యకు, అన్న దీవించి రాయునది.

పందెం ఒప్పుకున్నాను. మొదటి సినిమా నిన్న వేశారు, ఆ బెంగాలీ పడవవాడి కథ. పాట లేదు, కొట్లాట లేదు, సగం మంది బీడీలు ముట్టించుకుని లేచిపోయారు. మా జట్టులో బొగ్గు గోడకు రంధ్రాలు వేసే డ్రిల్లు మనిషి బద్రుద్దీన్ కూడా "గిదేం పిక్చర్ సర్దార్, హీరో ముసలోడు, హీరోయిన్ ముసలిది" అని నవ్వాడు. నేను మాత్రం ఆఖరిదాకా కూర్చున్నాను.

మొదటి సగం నాకు నచ్చింది. నది మీద వంతెన కట్టడానికి వచ్చిన ఇంజినీరును ఆ పడవవాడే రోజూ రేవు దాటించడం, తన బువ్వ పోగొట్టేవాణ్ణి తనే మోసుకెళ్ళడం, అది తెలిసీ ఆ ఇంజినీరుకు తడవకుండా గొడుగు పట్టడం. అట్లాంటి మనిషిని చూసినట్టే ఉంది.

రెండో సగం మాత్రం అంతా చీకటి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. డైరెక్టరుకు దీపం కొనే తాహతు లేదా? మీ వదిన కనకవ్వ ఏమందో రాయమంది: "బాయిల చీకటి సాలదా, మళ్ల గీడకొచ్చి గూడ చీకటే చూడాల్నా?"

నీ అన్న,
ముత్యం


హైదరాబాద్,
26 ఏప్రిల్ 1972

అన్నా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. నేను రాసింది చదివి నవ్వుకుని ఉంటావు. నువ్వు చీకటి అన్న ఆ రెండో సగమే నన్ను ఏడిపించింది.

వంతెన మీద మొదటి బండి పోయిన రాత్రి పడవవాడి భార్య లాంతరు పట్టుకుని రేవులో నిలబడుతుంది కదా. సగం మొహం మీదే వెలుగు. ఆ సగం మొహంతో ఒక్క మాట అనకుండా మొగుణ్ణి ఇంటికి పిలుస్తుంది. ఆ పతకం ఆ లాంతరుకే ఇచ్చారని మా సొసైటీలో అందరూ అన్నారు. అది నీకు కనిపించలేదా? మీ ప్రొజెక్టరు బల్బు పాడై ఉంటుంది. క్లబ్బు వాళ్ళతో చెప్పు, మారుస్తారు.

అనసూర్య


గోదావరిఖని,
19 జూన్ 1972

చెల్లెలికి,

బల్బు మార్చారు. మే నెల సినిమాకు నాకు రెండో షిఫ్టు పడింది, అది లెక్కలోకి తీసుకోకు. నిన్న జపాన్ దేశపు సినిమా చూశాను, గంటలు పోత పోసే ముసలాయన కథ. చాలా బాగుంది.

నాకు నచ్చినవి రాస్తాను. సమ్మెట దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే మధ్యలో ఒక్క దెబ్బ తప్పడం. కొడుకు తలుపు వేసుకుని వెళ్ళిపోయాక ఇంట్లో నీటి బొట్లు పడే చప్పుడు. ఆఖరికి గంట మోగినప్పుడు అందులో సన్నగా ఒక జీర, పగులు ఉన్నట్టు. దాంతో ముసలాయన ఓడిపోయాడని అర్థమవుతుంది.

ఆయన కొలిమి ముందు నిలబడి కరిగిన కంచు వెలుగును చూసి, "ఇప్పుడు పొయ్యండి" అని చెప్తాడట. నా పని కూడా అంతే. బొగ్గు గోడను పేల్చే ముందు నేను బత్తి, అదే గ్యాసు చూసే చేతి దీపం, వత్తి తగ్గించి చూడాలి. గ్యాసు ఉంటే మంట మీద నీలంగా సన్నటి టోపీ లేస్తుంది. లేకపోతే సాఫ్. నేను సాఫ్ అంటేనే మందు పేలుస్తారు.

పట్టాల మీద కాలు తట్టుకుని మోకాలు కొంచెం గీరుకుంది. మీ వదిన పెద్దది చేసి ఎవరితోనైనా రాయిస్తుందేమో, నమ్మకు.

ముత్యం


హైదరాబాద్,
16 జూలై 1972

అన్నా,

ఈసారి నియమం తప్పి ముందే రాస్తున్నాను, కోప్పడకు. ఉప్పు కయ్యల్లో పనిచేసే తల్లి కథ, గుజరాతీ. ఇవాళే చూసి వచ్చాను, మనసు ఆగక కలం పట్టుకున్నాను.

ఆఖర్న వాన పడి ఉప్పంతా కరిగిపోతుంటే ఆ తల్లి గుడిసె ముందుకు ఒక తెల్లగుర్రం వచ్చి నిలబడుతుంది. ఎవరిదో తెలియదు. తడుస్తూ అలాగే ఉంటుంది. అది ఎందుకు పెట్టారో నాకు అంతు పట్టలేదు. నువ్వు చూసి నీకేమనిపించిందో తప్పకుండా రాయి. మోకాలు ఎలా ఉంది?

అనసూర్య


గోదావరిఖని,
8 ఆగస్టు 1972

చెల్లెలికి,

ఉప్పు తల్లి సినిమా చూశాను. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదే పైది. వాన చప్పుడు మొదలుకాగానే మా గ్రౌండులో ఒక్కరూ దగ్గలేదు.

నువ్వడిగిన తెల్లగుర్రం గురించి. నాకైతే అది ఆమె చచ్చిపోయిన పెనిమిటి అనిపించింది. ఏమీ చెయ్యలేక ఊరికే వచ్చి తడుస్తూ నిలబడ్డాడు. చాలా చక్కగా తీశారు. మా వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

మోకాలు మానింది.

ముత్యం


హైదరాబాద్,
13 ఆగస్టు 1972

అన్నా,

ఆ సినిమాలో గుర్రం లేదు.

తెల్లదీ లేదు, నల్లదీ లేదు. నేను కల్పించి రాశాను. నీకు ఉచ్చు పెట్టాను. నువ్వు "గుర్రమేంది, నీకు పిచ్చి పట్టిందా" అని తిట్టి రాస్తావని, హాయిగా నవ్వుకుందామని దేవుడికి మొక్కుకున్నాను. నీ ఉత్తరం చదివి డ్యూటీకి పోలేకపోయాను.

ఎప్పటినుంచి అన్నా? గంటల సినిమా గురించి నువ్వు రాసినవన్నీ చప్పుళ్ళే. నేను రోజంతా మొహాలు చూడకుండా గొంతులు వినేదాన్ని, చెవితో చూసేవాళ్ళ మాట నాకు తెలుస్తుంది. ముసలాయన వెలుగు చూసి "చెప్తాడట" అని రాశావు. కళ్ళారా చూసిన సినిమాకు "అట" ఎందుకు? ఎవరు చెప్పారు నీకు? వదినేనా?

పడవవాడి సినిమాలో లాంతరు కనిపించలేదు, అది సరే, సినిమానే. బత్తి మీద నీలం టోపీ కనిపిస్తోందా? నువ్వు సాఫ్ అంటే నమ్మి గోడ వెనక్కి పోయి నిలబడేవాళ్ళు ఎంతమంది? నిజం రాయి.

అనసూర్య


గోదావరిఖని,
18 ఆగస్టు 1972

అనసూర్యకు,

నన్ను పరీక్ష పెట్టేంత పెద్దదానివయ్యావు. మంచిది.

నిజమే అడిగావు కాబట్టి రాస్తున్నాను. పోయిన ఎండాకాలం నుంచి రేచీకటి. పగలు బాగానే ఉంటుంది. పొద్దు మునిగితే గోడలు దగ్గరికి వచ్చేస్తాయి. తెర మీద వెలుగున్న సీను కనిపిస్తుంది, చీకటి సీను వస్తే నల్లగుడ్డ కప్పినట్టే. అప్పుడు కనకవ్వ చెవిలో చెప్తుంది. గుర్రం సంగతి ఆమె చెప్పడం మరిచిపోయిందనుకున్నాను. వరంగల్‌లో కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. లోపలి పొర ఎండిపోతోంది, దీనికి మందు లేదు అన్నాడు.

బాయిలో నెత్తిమీద లైటు ఉంటుంది. అది ఎక్కడ పడితే అక్కడ గుండ్రంగా కనిపిస్తుంది. ఆ గుండ్రం చాలు నాకు. బత్తి చూసేటప్పుడు ఆ లైటు పక్కకు తిప్పాలి. అప్పుడు నీలం కనిపించదు. కానీ మా బాయిలో గ్యాసు ఎప్పుడో గానీ రాదు. గాలి ఆడుతుంటే చెంపకు తెలుస్తుంది. ఇన్నేళ్ళ అలవాటు.

నాయిన తట్టా చెమ్మసూ పట్టి, బొగ్గు ఎత్తి ఎత్తి నడుము పడిపోయి చచ్చాడు. మన ఇంట్లో పరీక్ష రాసి సర్దారునైనవాణ్ణి నేనొక్కణ్ణే. బాయి మీద నన్ను పేరు పెట్టి పిలిచేవాడు లేడు, అందరికీ సర్దార్‌నే. కళ్ళు పోయాయని తెలిసిన రోజు ఇంటికి పొమ్మంటారు. ఇంటికి పోయి ఏం చెయ్యాలి, గోడలు తడుముకుంటూ కూర్చోవాలా?

ఈ సంగతి నీ దగ్గర ఆగాలి. ఎవరికైనా చెప్పావంటే ఆ రోజుతో నాకు చెల్లెలు లేదు.

ముత్యం


హైదరాబాద్,
24 ఆగస్టు 1972

అన్నా,

చెంపకు తెలుస్తుందని ఎవరికి చెప్తున్నావు? బద్రుద్దీనన్న భార్య సర్వరీ బేగంకు చెప్పగలవా ఆ మాట? ఆమె వండి పంపిన సేమియా పోయిన రంజానుకు మనం తిన్నాం.

వచ్చే నెల నాలుగో తారీఖు సోమవారం. ఆ పొద్దటిలోగా నువ్వే కంపెనీ డాక్టరు దగ్గరికి పోయి చెప్పు. చెప్పకపోతే నా సీటు నుంచే మీ మేనేజరు ఆఫీసుకు ట్రంకు కాల్ కలిపి నేను చెప్తాను. చెల్లెలు లేదనుకో. నాకు మాత్రం అన్న ఉంటాడు.

అనసూర్య


హైదరాబాద్,
4 సెప్టెంబరు 1972, సాయంత్రం

అన్నా,

నీ దగ్గరనుంచి జవాబు రాలేదు. ఇవాళ పొద్దున లైను కలిపాను. అవతల మీ ఆఫీసులో ఎవరో ఎత్తి, "హలో, ఎవరు మాట్లాడేది?" అన్నారు. మన వైపు గొంతు. మళ్ళీ "హలో, చెప్పుండ్రి" అన్నారు.

నేను తీగ లాగేశాను.

చెప్పలేకపోయాను. నోరు తెరిస్తే నీ మొహమే కనిపించింది. సర్దారు పరీక్ష ప్యాసైన రోజు కొత్త తువ్వాల భుజాన వేసుకుని గల్లీ అంతా తిరిగావు, ఆ మొహం. అప్పటినుంచి రామగుండం లైటు వెలిగితే నా చెయ్యి పోవడం లేదు. పక్క సీటు అమ్మాయి కలుపుతుంటే, కాల్ అయ్యేదాకా ఆమె మొహం చూస్తూ కూర్చుంటున్నాను. ఏదైనా చెడ్డవార్త ఆ తీగలోనే వస్తుంది.

ఇక నిన్ను బెదిరించే మొహం నాకు లేదు. ఒక్కటి మాత్రం రాస్తున్నాను. ఇక మీద అక్కడ ఏం జరిగినా అందులో సగం నాది. తెలిసీ నోరు మూసుకున్నది మనం ముగ్గురం: నువ్వూ, వదినా, నేనూ.

అనసూర్య


గోదావరిఖని,
7 సెప్టెంబరు 1972

చెల్లే,

నీ సోమవారం ఉత్తరం ఇవాళ అందింది. దానికంటే ముందే ఇక్కడ జరగాల్సింది జరిగింది. అందరం బతికే ఉన్నాం, ముందు ఆ మాట చదువుకో.

సోమవారం నాకు రెండో షిఫ్టు. నువ్వు చెప్పి ఉంటావనుకున్నాను. గేటు దగ్గర ఎవరైనా ఆపుతారేమోనని చూస్తూ పోయాను. ఎవరూ ఆపలేదు. ఫోన్ రాలేదని అర్థమైంది. నాకు సంతోషం కావాలి కదా, కాలేదు. ఎవరో ఆపితే బాగుండునని అంతసేపూ కోరుకున్నానేమో.

లోపల చివరి గోడకు రంధ్రాలు వేసి, మందు కూరి, తీగలు కలిపారు. నేను నెత్తిమీద లైటు పక్కకు తిప్పి బత్తి వత్తి తగ్గించి పైకప్పు దాకా ఎత్తాను. చిన్న మంట చుక్క ఉంది, దాని చుట్టూ నలుపు. చెంపకు గాలి తగలలేదు. గాలిని మా వైపు మళ్ళించే గోనె పరదా ఎక్కడో ఊడిపడి ఉంటుందని అనుకున్నాను. మళ్ళీ, నా భ్రమేమోననీ అనుకున్నాను.

"ఏం కనబడ్తుంది సర్దార్?" అని బద్రుద్దీన్ అడిగాడు.

"ఏం కనబడ్తలేదు" అన్నాను.

"అయితే సాఫ్! జరుగుండ్రి, జరుగుండ్రి, అందరు ఎనక్కి జరుగుండ్రి" అని అతను కేకేశాడు.

అందరూ మలుపు వెనక్కి పోయారు. ఎవరో నవ్వుతున్నారు, ఇంటికి పోయేటప్పుడు చేపలు కొనాలని మాట్లాడుకుంటున్నారు. బద్రుద్దీన్ పేల్చే పెట్టె తెచ్చి, పిడి నా చేతిలో పెట్టాడు.

చెల్లే, నేను అబద్ధం చెప్పలేదు. నిజమే చెప్పాను. దాన్ని వాళ్ళు ఇంకోలా విన్నారు. నేను నోరు మూసుకుని పిడి తిప్పితే చాలు. ఇన్నాళ్ళూ చేసింది అదే. పిడి వదిలేశాను.

"ఆగు బద్రూ. గ్యాసు కనబడ్తలేదని గాదు నేనన్నది. నాకే కనబడ్తలేదు."

"ఏందీ?"

"నా కండ్లు పోయినయ్. నీలం కనబడది నాకు. పోయిన ఎండకాలం సంది కనబడ్తలేదు."

బద్రుద్దీన్ నా చేతిలోంచి బత్తి తీసుకుని పైకి ఎత్తాడు. ఆ చూపు నేర్చినవాడు కాడు, అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"యా అల్లా. ఉన్నది సర్దార్, నీలంగ ఉన్నది. గింత పొడుగున్నది."

బత్తిని మెల్లగా కిందికి దించి, తీగలు విప్పి, అందరం బయటి దారి పట్టాం. తర్వాత పెద్ద సూపర్‌వైజరు వచ్చి చూసి, పిడి తిప్పి ఉంటే ఒక్కరూ మిగిలేవారు కాదని చెప్పాడట. నిజంగా "అట"నే, నేను అక్కడ లేను.

పైకి వస్తుంటే బద్రుద్దీన్ ఒక్కటే అడిగాడు. "ఎండకాలం సంది అన్నవు గద. దినాం నువ్వు సాఫ్ అన్నవు. దినాం నేను నీ పక్కనే నిలబడ్డ. నా ఇంట్ల సర్వరీ ఉన్నది, పిల్లలున్నరు. ఎట్ల అన్నవు ఆ మాట?"

అతను ఉమ్మేసి ముందుకు నడిచాడు. మలుపు దగ్గర మాత్రం ఆగి, నా వైపు చూడకుండానే, "పట్టాలున్నయ్, కాలెత్తు" అన్నాడు.

మర్నాడు కంపెనీ దవాఖానకు నేనే పోయి చెప్పాను.

ముత్యం


హైదరాబాద్,
11 సెప్టెంబరు 1972

అన్నా,

ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి మధ్యలో కూర్చున్నాను. పొగడాలో తిట్టాలో తెలియడం లేదు. నువ్వు ఆ మాట చెప్పావు, అందుకు నీ కాళ్ళు మొక్కాలని ఉంది. అన్నాళ్ళు చెప్పలేదు, అందుకు నిన్ను పట్టి కుదపాలని ఉంది. రెండూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి.

నిన్న సినిమాకు పోలేదు. పందెంలో నేనే ఓడాను. బతుకమ్మకు వస్తున్నాను. సర్వరీ బేగం ఇంటికి నేనూ వదినా కలిసి పోతాం. తలుపు తియ్యకపోతే గడపలో కూర్చుంటాం.

అనసూర్య


గోదావరిఖని,
11 డిసెంబరు 1972

చెల్లెలికి,

నువ్వు బతుకమ్మకు వచ్చి వెళ్ళాక జరిగింది రాస్తాను. ఎంక్వయిరీ అయిపోయింది. సర్దారు సర్టిఫికెట్టు తీసేసుకున్నారు. పూర్తిగా పంపించేస్తారనుకున్నాను. పైన కలప యార్డులో పగటి డ్యూటీ ఇచ్చారు. బాయి కప్పుకు ఊతంగా పోయే దుంగలు లారీలోంచి దించి పేర్చడం. మొదటివారం తల ఎత్తలేదు. కొందరు పలకరిస్తారు. కొందరు నన్ను చూడగానే చుట్ట ముట్టించుకోవడానికి పక్కకు తిరుగుతారు. వాళ్ళది తప్పని నేననను. నాతో దిగినవాళ్ళు వాళ్ళు.

బద్రుద్దీన్ యార్డు ముందు నుంచే షిఫ్టుకు పోతాడు. ఒక్కరోజు కూడా ఇటు చూడలేదు.

నిన్న ఆ బాతులు కాసే పిల్ల సినిమా వేశారు. కనకవ్వ రానంది, నేనే బతిమాలి తీసుకుపోయాను. ఇంతకుముందు ఆమె నా చెవిలో గుసగుసగా చెప్పేది, ఎవరికీ తెలియకూడదని. ఇప్పుడు అందరికీ తెలుసు కదా, గొంతు తగ్గించకుండానే చెప్పింది. "ఇగో బాతులు పోతున్నయ్. ఇగో పిల్ల కట్టె పట్కొని ఉరుకుతుంది." చుట్టూ ఎవరూ కసరలేదు.

ఆఖర్న బాతులన్నీ అమ్మేశాక ఆ పిల్ల బస్సెక్కుతుంది, కిటికీలో మొహం ఒక్కటే ఉంటుంది కదా.

"పిల్ల నవ్వుతుంది" అంది కనకవ్వ.

"లేదు వదినా, ఏడుస్తుంది. సరిగ్గ చూసి చెప్పరాదు" అని వెనక నుంచి ఒక గొంతు.

బద్రుద్దీన్. ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో తెలియదు.

"పండ్లు కనబడ్తున్నయ్. ఏడిస్తె పండ్లు కనబడ్తయా?" అంది కనకవ్వ.

"ఎందుకు కనబడయి? నా బిడ్డ ఏడిస్తె దినాం చూస్తలేనా? సర్దార్‌కు గలత్ చెప్పకు."

జరిగి జరిగి నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. నాకు రెండు వైపులా ఇద్దరూ వాదించుకుంటుంటే సినిమా అయిపోయింది. లైట్లు వేశారు. అతను లేచి లుంగీ దులుపుకున్నాడు.

"మాఫ్ చేసిన అనుకోకు" అన్నాడు.

"అనుకోను" అన్నాను.

పోబోతూ ఆగి, "వచ్చే నెల ఏం పిక్చరంట?" అని అడిగాడు.

"చెల్లె రాస్తది, నీకు చెప్త" అన్నాను. తలూపాడేమో, తెలియలేదు. చప్పల్ చప్పుడు మాత్రం మెల్లగానే పోయింది.

నువ్వు చూసే ఉంటావు, పిల్ల నవ్విందో ఏడ్చిందో రాయి. కనకవ్వకు పొద్దటినుంచి అదే పంచాయితీ. నేను చూసింది మాత్రం ఇంత: తెర నిండా ఒక పెద్ద తెల్లని వెలుగు, మధ్యలో అది కొంచెం వణికింది. దానికి పతకం ఇచ్చినవాళ్ళతో నాకు పేచీ లేదు.

నీ అన్న,
ముత్యం